కోరంగి రేవు నుంచి మిలాన్ దాకా: పరదేశాల్లో తెలుగు మూలాల ఫుట్‌బాల్

ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌లో ఆడిన తెలుగు మూలాల ఆటగాడు వికాస్ రావు దొరాసూ. 2006 జూన్ 13న జర్మనీలోని స్టట్‌గార్ట్‌లో ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ జట్లు తలపడ్డాయి. ఆట చివరి నిమిషాల్లో అతను ఫ్రాన్స్ తరఫున మైదానంలోకి దిగాడు. అయిదు రోజుల తరవాత లైప్‌జిగ్‌లో దక్షిణ కొరియా మీదా అలాగే, ముగింపులో కాసేపు ఆడాడు. ఆ టోర్నీలో ఫ్రాన్స్ ఫైనల్ చేరింది కానీ అతనికి దక్కినవి ఆ కొద్ది నిమిషాలే. ఆ నిమిషాల వెనక పదమూడేళ్ల వృత్తి జీవితం ఉంది. లె ఆవ్ర్, లియోన్, బోర్డో, ఏసీ మిలాన్, పారిస్ సెయింట్ జెర్మెయిన్ క్లబ్బుల మీదుగా సాగిన వృత్తి అది. ఫ్రాన్స్ జాతీయ జట్టుకు 18 మ్యాచ్‌లు ఆడాడు.

దొరాసూ 1973 అక్టోబర్ 10న ఫ్రాన్స్ ఉత్తర తీరంలోని అర్‌ఫ్లర్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు మారిషస్ నుంచి వచ్చినవారు. అంతకు ముందు తరాల వారు తెలుగు నేల నుంచి ఆ ద్వీపానికి వెళ్లారు. 1835లో మారిషస్‌లో బానిసత్వం రద్దయింది. చెరకు తోటల్లో పనికి మనుషులు కావాల్సి వచ్చి, 1834 చివరి నుంచే తోటల యజమానులు హిందూదేశం నుంచి ఒప్పంద కూలీలను దింపుకోవడం మొదలుపెట్టారు. 1920 వరకు దాదాపు అయిదు లక్షల మంది అలా చేరారు. ఎక్కువ మంది భోజ్‌పురీ ప్రాంతం వారు. తెలుగువారు కోరంగి, విశాఖపట్నం వంటి తీరపు రేవుల నుంచి ఓడ ఎక్కారు. గోదావరి ముఖద్వారంలో ఉన్న కోరంగి ఆ రోజుల్లో ఎంత పేరున్న రేవు అంటే, మారిషస్‌లో దిగిన తెలుగు కూలీలందరినీ అక్కడివారు కోరంగీలు అనే పిలిచారు. 1839 నవంబర్ తుపానుకు ఆ రేవు చితికిపోయింది, పేరు మాత్రం సముద్రం అవతల మిగిలింది. నేటికీ మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది అక్కడే.

ఓడ ఎక్కడానికి కారణాలు తీరంలోనూ ఉన్నాయి, తీరం వెనకా ఉన్నాయి. నందన నామ సంవత్సరంలో, అంటే 1832-33లో, గుంటూరు, మచిలీపట్నం ప్రాంతాలను పెద్ద కరువు పట్టింది. ఊళ్లు ఖాళీ అయ్యాయి. 1855లో విజయవాడ దగ్గర కృష్ణా ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా ఊళ్లకు నీటి భరోసా దొరికింది. కానీ ఆ కాలవలు నందిగామ, జగ్గయ్యపేట వైపు మెట్టకు ఎక్కలేదు. ఆ నేల మునేరు, పాలేరు వాగులనూ, చెరువులనూ, వానమబ్బునూ నమ్ముకునే బతికింది. నాగార్జునసాగర్ ఎడమ కాలవ వచ్చేదాకా అదే తీరు. పనికోసం ఊరు దాటడం మెట్ట రైతుకూలీకి కొత్త సంగతి కాదు.

ఈ మెట్ట ప్రాంతం ఉన్న చోటు కూడా ఈ కథకు ముఖ్యం. మచిలీపట్నం నుంచి హైదరాబాద్ వెళ్లే దారి, ఇప్పటి 65వ నంబరు జాతీయ రహదారి, నందిగామ మీదుగా, జగ్గయ్యపేట పక్కన చిల్లకల్లు మీదుగా పోతుంది. దారికి తూర్పు కొస సముద్రం, ఓడలు, వలస. పడమటి వైపున సికింద్రాబాద్ కంటోన్మెంటు, అక్కడి బారకాసులు, బూట్లు, తోలు బంతి. వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు తండ్రి జగ్గయ్య పేరు పెట్టి బేతవోలును జగ్గయ్యపేటగా పెంచిన నాటికే ఆ ఊరు రెండు రాజ్యాల అంచు మీద ఉంది: ఇటు కుంపిణీ సర్కారు, అటు కోదాడ వైపు నిజాం. తెలుగువారికి పరదేశపు ఫుట్‌బాల్‌తో రెండు వైపుల నుంచి పరిచయం కలిగింది. తూర్పు నుంచి ఓడ మీద వెళ్లినవారి మునిమనవలు యూరప్ క్లబ్బుల్లో ఆడారు. పడమట బంతి దానంతట అదే నడిచి వచ్చింది, దాన్ని బ్రహ్మాండంగా ఆడినవారూ వచ్చారు, వారిని బయటి క్లబ్బుకు చేర్చే దారి మాత్రం లేకపోయింది.

మొదట తూర్పు సంగతి. దొరాసూ పెరిగింది లె ఆవ్ర్ నగరం పైగట్టున ఉన్న కోక్రియోవిల్‌లో, కార్మికుల ఇళ్ల పేటలో. లె ఆవ్ర్ పెద్ద ఓడరేవు. 1872 నాటి మూలాలు చెప్పుకునే లె ఆవ్ర్ క్లబ్బు ఫ్రాన్స్‌లోకెల్లా పాతవాటిలో ఒకటి. పిల్లవాడు మంచి ఆటగాడైతే చాలదు, వాణ్ని గుర్తించి, తిండి పెట్టి, చదువు చెప్పించి, రోజూ మైదానంలో నిలబెట్టే ఏర్పాటు ఉండాలి. ఫ్రాన్స్ ఆ ఏర్పాటును చట్టబద్ధమే చేసింది. 1973 నాటి వృత్తి ఫుట్‌బాల్ ఒడంబడిక ప్రకారం పెద్ద క్లబ్బులు తప్పనిసరిగా శిక్షణ కేంద్రం నడపాలి. దొరాసూ పుట్టింది ఆ ఏడాదే. పేద పేటల నుంచి, వలస కుటుంబాల నుంచి వచ్చిన పిల్లలకు ఈ కేంద్రాలు తలుపు తీశాయి. లె ఆవ్ర్ కేంద్రం తరవాతి కాలంలో పోగ్బా, పయే వంటి వారికి ఆట నేర్పింది. దొరాసూ అక్కడే ఎదిగి 1993లో పెద్ద జట్టులోకి వచ్చాడు.

అతను మిడ్‌ఫీల్డర్. ఒడ్డూ పొడుగూ తక్కువ, కాలి నేర్పు ఎక్కువ. బంతి అందుకుని, తల ఎత్తి చూసి, పక్కవాడికి అందేలా తోసే రకం. 1998లో లియోన్ కొనుక్కుంది. 1999లో జాతీయ జట్టుకు తొలిసారి ఆడాడు. 2001-02 సీజన్‌లో అరువు మీద బోర్డోకు వెళ్లి, తిరిగి వచ్చాక 2002-03, 2003-04 సీజన్లలో లియోన్‌తో వరసగా రెండు లీగ్ టైటిళ్లు గెలిచాడు. 2004లో ఒప్పందం ముగియడంతో ఏసీ మిలాన్‌కు వెళ్లాడు. మిలాన్ లియోన్‌కు పైసా కట్టలేదు.

ఒప్పందం ముగిసిన ఆటగాడు పాత క్లబ్బుకు సొమ్ము ముట్టకుండానే కొత్త క్లబ్బుకు వెళ్లే హక్కు అప్పటికి తొమ్మిదేళ్ల కిందటిది. బెల్జియం ఆటగాడు జాన్ మార్క్ బోస్మాన్ వేసిన దావాలో యూరోపియన్ న్యాయస్థానం 1995 డిసెంబర్ 15న ఇచ్చిన తీర్పు వల్ల అది వచ్చింది. యూరోపియన్ యూనియన్ దేశాల పౌరులకు ఇతర సభ్య దేశాల క్లబ్బుల్లో సంఖ్యా పరిమితి కూడా ఆ తీర్పుతోనే పోయింది. ఫ్రెంచి పాస్‌పోర్టు ఉన్న దొరాసూకు ఇటలీ సరిహద్దు అడ్డం కాలేదు. ఇంచుమించు అదే కాలంలో భారత పాస్‌పోర్టు ఉన్న ఆటగాడికి ఏమైందో ముందు వస్తుంది. ప్రతిభ ఒకటే అయినా పాస్‌పోర్టు తేడాతో బతుకులు మారిపోయాయి.

మిలాన్‌లో అతనికి ముందు వరసలో పిర్లో, గట్టూసో, సీడార్ఫ్, కాకా, రుయి కోస్టా ఉన్నారు. ప్రపంచంలో ఏ జట్టు మిడ్‌ఫీల్డూ అంత బలంగా లేని రోజులవి. దొరాసూకు కొద్ది మ్యాచ్‌లే దొరికాయి. ఏడాదికే ఫ్రాన్స్‌కు తిరిగి వచ్చి పారిస్ సెయింట్ జెర్మెయిన్‌లో చేరాడు. 2005 అక్టోబర్‌లో సైప్రస్ మీద జాతీయ జట్టుకు తన ఏకైక గోలు చేశాడు.

అతని ఆటలో అందరూ గుర్తుపెట్టుకునే ఘట్టం 2006 ఏప్రిల్ 29 నాటిది. స్టేడ్ ద ఫ్రాన్స్‌లో ఫ్రెంచి కప్ ఫైనల్, పారిస్‌కూ మార్సేకూ మధ్య. ఈ రెండు క్లబ్బుల వైరం ఫ్రాన్స్‌లో అన్నిటికన్నా పెద్దది. ఆట మొదట్లోనే పారిస్ ఒక గోలు చేసింది. విరామం తరవాత కొద్ది నిమిషాలకు పెనాల్టీ గీతకు బాగా ఇవతల దొరాసూకు బంతి దొరికింది. ముందు ఖాళీ కనబడింది. గోలు కొట్టే అలవాటు లేని ఆ ఆటగాడు అక్కడి నుంచే కొట్టాడు. బంతి వలలో పడింది. మార్సే ఒకటి తిరిగి ఇచ్చినా 2-1తో కప్పు పారిస్‌కే వచ్చింది. కప్పు తెచ్చింది ఆ గోలే.

రెండు నెలల్లో ప్రపంచ కప్. బెంచీ మీద కూర్చున్న ఆటగాడి రోజులు ఎలా ఉంటాయో దొరాసూ చిన్న సూపర్ 8 కెమెరాతో తనే చిత్రీకరించాడు. హోటల్ గది, కారిడార్, కిటికీ, ఎదురుచూపు. మిత్రుడు ఫ్రెడ్ పూలేతో కలిసి దాన్ని ‘సబ్‌స్టిట్యూట్’ పేరుతో చిత్రంగా తెచ్చాడు. వృత్తి ఫుట్‌బాల్ లోపలి ఒంటరితనం గురించి ఒక ఆటగాడే ఇచ్చిన అరుదైన సాక్ష్యం అది, ఆ కారణంగానే అతని గోలుకన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది. ప్రపంచ కప్ ముగిశాక పారిస్ క్లబ్బు కోచ్‌తో విభేదాలు ముదిరాయి. 2006 అక్టోబర్‌లో క్లబ్బు అతని ఒప్పందం రద్దు చేసింది. 1973 ఒడంబడిక వచ్చాక ఫ్రాన్స్‌లో క్లబ్బు ఉద్యోగం నుంచి తీసేసిన మొదటి ఆటగాడు అతనేనని అప్పట్లో పత్రికలు రాశాయి. తరవాత ఇటలీలో లివోర్నోకు వెళ్లినా నిలదొక్కుకోలేదు, ఆట మానేశాడు. ఆపై స్వలింగ సంపర్కుల పట్ల మైదానంలో జరిగే అవమానాలకు వ్యతిరేకంగా పనిచేశాడు. 2020 పారిస్ నగరపాలక ఎన్నికల్లో నిలబడ్డాడు.

ఇక దారికి పడమటి వైపు. 1806లో ఏర్పడ్డ సికింద్రాబాద్ కంటోన్మెంటులో బ్రిటిష్ పటాలాలు ఆడిన ఆట చుట్టుపక్కల కుర్రాళ్లకు పాకింది. బస్తీ క్లబ్బులు లేచాయి. కృష్ణా మెట్టలో అలాంటి కంటోన్మెంటు గానీ, రైల్వే కార్ఖానా గానీ, జీతమిచ్చి ఆడించే పోలీసు జట్టు గానీ లేదు. ఫుట్‌బాల్ భారతదేశంలో ఎక్కడ వేళ్లూనుకుందో చూస్తే ఈ మూడింటిలో ఒకటైనా కనిపిస్తుంది. అందుకే ఒకే రహదారి మీద, కొద్ది గంటల దూరంలో, ఒక చోట ఒలింపిక్ ఆటగాళ్లు పుట్టుకొచ్చారు, మరో చోట పిల్లలు కబడ్డీ, వాలీబాల్ వైపు వెళ్లారు.

హైదరాబాద్ ఆటకు రూపం ఇచ్చినవాడు సయ్యద్ అబ్దుల్ రహీమ్. 1909లో పుట్టాడు, వృత్తి బడిపంతులు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్. డ్రిబ్లింగ్ చేయకూడదని నియమం పెట్టి పోటీలు నడిపించేవాడు, వాటమైన కాలు కాని రెండో కాలితోనే కొట్టాలని మ్యాచ్‌లు ఆడించేవాడు. నియమం కటువుగా తోచవచ్చు, ఫలితం మాత్రం అందరికీ కనిపించింది. 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ ఆ పోలీసు జట్టుదే. 1950లో డ్యూరాండ్ కప్ కూడా గెలిచింది. అప్పటికి హైదరాబాద్ సంస్థానం మీద పోలీసు చర్య జరిగి రెండేళ్లు. 1948 సెప్టెంబర్‌లో భారత సైన్యంలో ఒక దళం విజయవాడ వైపు నుంచి ఇదే రహదారి మీద హైదరాబాద్ కేసి కదిలింది. నిజాం సరిహద్దు పోయింది కానీ జగ్గయ్యపేట దగ్గర రాష్ట్రాల సరిహద్దు ఉండిపోయింది.

అదీ 1956 నవంబర్ 1న చెరిగి ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. సరిగ్గా నెలకు, డిసెంబర్ 1న, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో రహీమ్ తయారుచేసిన భారత జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఆ జట్టు నిండా హైదరాబాదీలే: అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అబ్దుల్ సలామ్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్, సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరామ్. సెమీఫైనల్‌లో యుగోస్లావియా 4-1తో, కాంస్యం కోసం జరిగిన మ్యాచ్‌లో బల్గేరియా 3-0తో భారత్‌ను ఓడించాయి. నాలుగో స్థానం దక్కింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారత్ అంతకు మించి ఎప్పుడూ వెళ్లలేదు. నాలుగేళ్లకు రోమ్‌లో బలరామ్ హంగరీ మీద ఒకటి, పెరూ మీద ఒకటి గోల్ చేశాడు. 1962 సెప్టెంబర్ 4న జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి భారత్ ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చింది. అప్పటికే క్యాన్సర్‌తో ఉన్న రహీమ్ 1963 జూన్ 11న కన్నుమూశాడు.

ఇంత ఆట ఆడినవారు యూరప్ క్లబ్బుల్లో ఎందుకు లేరు? ఆ కాలపు ఒలింపిక్ నియమం ప్రకారం ఆటగాడు అమెచ్యూర్‌గానే ఉండాలి. అతని జీతం పోలీసు శాఖదో, రైల్వేదో, సైన్యానిదో. ఉద్యోగం వదిలితే పింఛనూ, ఇల్లూ పోతాయి. ఆటగాళ్లను వెతుకుతూ వచ్చే విదేశీ క్లబ్బు ప్రతినిధులు లేరు. ఒక్క ఉదాహరణ ఉంది. 1936లో కలకత్తా మహమ్మదన్ స్పోర్టింగ్ ఆటగాడు మహమ్మద్ సలీమ్ స్కాట్లండ్ వెళ్లి సెల్టిక్ క్లబ్బుకు రెండు మ్యాచ్‌లు ఆడాడు. బూట్లు లేవు, పాదాలకు గుడ్డ కట్లు. సెల్టిక్ వారు ఆ కట్లు కడుతుండగా తీసిన ఫొటో ఈనాటికీ ఉంది. ఇంటి మీద బెంగతో అతను తిరిగి వచ్చేశాడు. ఆ దారిలో మళ్లీ చాలా కాలం ఎవరూ నడవలేదు.

హైదరాబాద్ ఆటగాడికి ఆనాటి పరదేశం కలకత్తాయే. భాష వేరు, తిండి వేరు, డబ్బూ కీర్తీ అక్కడే. బలరామ్ 1957లో ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు, 1961లో కెప్టెన్‌గా కలకత్తా లీగ్ గెలిపించాడు, ఆరోగ్యం చెడి చిన్న వయసులోనే ఆట మానాడు. 2023 ఫిబ్రవరిలో బెంగాల్లోనే పోయాడు. మహమ్మద్ హబీబ్ 1966లో వెళ్లాడు. ఉద్యోగాలు ఇస్తామన్నా వద్దని, ఆటే తన ఉద్యోగమని పట్టుబట్టాడు. భారతదేశపు తొలి నిజమైన వృత్తి ఫుట్‌బాలర్ అని అతన్ని పిలవడం అందుకే. హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్ నాయకత్వంలో 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టులో హబీబ్ ఉన్నాడు. 1977 సెప్టెంబర్ 24న ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఉన్న న్యూయార్క్ కాస్మోస్‌తో మోహన్ బగాన్ 2-2తో సమంగా నిలిచినప్పుడు బగాన్ గోల్స్‌లో ఒకటి హబీబ్‌ది. సరైన దారి ఉండి ఉంటే ఆ తరంలో ఇద్దరు ముగ్గురైనా యూరప్‌లో బతుకుతెరువు వెతుక్కునేవారు.

సికింద్రాబాద్ పేరు మళ్లీ విదేశీ క్లబ్బు కాగితాల మీద కనబడింది సునీల్ ఛెత్రీ పుట్టిన ఊరుగా. అతను తెలుగువాడు కాదు. తండ్రి సైన్యంలో ఉండగా 1984 ఆగస్టు 3న అక్కడ పుట్టాడు. 2009లో లండన్ క్లబ్బు క్వీన్స్ పార్క్ రేంజర్స్ అతనితో ఒప్పందానికి సిద్ధమైంది. కానీ యూరప్ బయటి ఆటగాడికి పని అనుమతి కావాలంటే అతని దేశం ఫిఫా ర్యాంకింగ్‌లో మొదటి 70లో ఉండాలని అప్పటి బ్రిటన్ నియమం. భారత్ వందకు బయట ఉంది. అనుమతి రాలేదు. 2010లో అమెరికా క్లబ్బు కాన్సాస్ సిటీ విజార్డ్స్‌కు, 2012లో పోర్చుగల్ స్పోర్టింగ్ బి జట్టుకు వెళ్లాడు గానీ రెండు చోట్లా కొద్ది మ్యాచ్‌లే ఆడాడు. అంతర్జాతీయంగా 90కి పైగా గోల్స్ చేసిన ఆటగాడి విదేశీ అధ్యాయం అంత చిన్నది.

2001 నుంచి ఫిఫా బదిలీ నియమాలు మరింత గట్టిపడ్డాయి. కొద్ది మినహాయింపులు పోను 18 ఏళ్లు నిండని ఆటగాణ్ని వేరే దేశపు క్లబ్బు తీసుకోకూడదు. అంటే లె ఆవ్ర్ దొరాసూకు చేసిన పని భారతీయ పిల్లవాడికి ఇక్కడే జరగాలి. 12 ఏళ్ల నుంచి 23 ఏళ్ల దాకా ఆటగాణ్ని తీర్చిదిద్దిన క్లబ్బులకు బదిలీ సొమ్ములో అయిదు శాతం పంచాలి. నందిగామలో ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు కుర్రాణ్ని ఎంత బాగా తయారుచేసినా, సమాఖ్యలో నమోదైన క్లబ్బు లేకపోతే ఆ వాటా ఊరికి రాదు. పల్లెల్లో క్లబ్బులు రిజిస్టరు కావడం ఎంత అవసరమో ఈ ఒక్క నియమం చెబుతుంది.

ఆ ఇరుకు దారిలో ఇటీవల ముందుకు నడిచింది ఎక్కువగా అమ్మాయిలే. మణిపూర్ ఆటగత్తె బాలా దేవి 2020 జనవరిలో స్కాట్లండ్ రేంజర్స్‌తో ఒప్పందం చేసుకుంది. 2022లో మనీషా కల్యాణ్ సైప్రస్ క్లబ్బు అపోలన్ తరఫున మహిళల ఛాంపియన్స్ లీగ్‌లో ఆడింది. అదే ఏడాది క్రొయేషియాలోని డినామో జాగ్రెబ్ మహిళా జట్టు ఇద్దరు భారతీయులను తీసుకుంది. ఒకరు మధ్యప్రదేశ్ అమ్మాయి జ్యోతి చౌహాన్. రెండోవారు తెలంగాణ నిజామాబాద్ జిల్లాలోని తండా నుంచి వచ్చిన సౌమ్య గుగులోత్. ఓడ ఎక్కిన తాతల వల్ల కాదు, నిజామాబాద్ మైదానంలో నేర్చి, గోకులం కేరళ జట్టులో ఆడి, తన ఆట మీద తను యూరప్ చేరిన తెలుగు ప్రాంతపు ఆటగత్తె ఆమె. అక్కడ కొంతకాలం ఆడి తిరిగి వచ్చాక కోల్‌కతాలో ఈస్ట్ బెంగాల్ మహిళల జట్టులో చేరింది. 1961లో బలరామ్ కెప్టెన్‌గా ఉన్న క్లబ్బు అదే. 2024-25లో ఆ జట్టు ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచింది, అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆ సీజన్‌కు ఉత్తమ క్రీడాకారిణి పురస్కారం సౌమ్యకు ఇచ్చింది.